మంగళవారం వచ్చే గొట్టం

బల్ల మీద రెండు గొట్టాలు ఉన్నాయి. రెండూ నమూనాలే. అలాంటి వాటిలో ఒకటి గఫూర్ కడుపులోకి వెళ్ళాలి. ఏది వెళ్ళాలో ఇప్పుడే తేలాలి.

నంద్యాలలోని ఆ ఆసుపత్రిలో ఆలియా తొమ్మిదేళ్ళుగా టెక్నీషియన్. ఆపరేషన్ గదిలో ఎక్స్‌రే యంత్రం నడపడం, స్కాన్ బొమ్మల మీద రక్తనాళాలు కొలవడం ఆమె పని. ఇన్నేళ్ళలో ఎవరెవరి కడుపులో కొలిచిందో లెక్క లేదు. ఈసారి కొలిచింది సొంత తండ్రిని.

గఫూర్‌కి అరవై నాలుగు. ఆళ్లగడ్డలో బోరుబండి మీద కేసింగు పైపులు దించే మనిషి. మూత్రం సరిగ్గా రావడం లేదని స్కాన్ తీయిస్తే వేరే సంగతి బయటపడింది. గుండె నుంచి కడుపులోకి దిగే పెద్ద రక్తనాళం బొడ్డు దగ్గర బుడగలా ఉబ్బింది. రెండు సెంటీమీటర్లు ఉండాల్సింది ఆరు దాటింది. పగిలితే మనిషి దక్కడం కష్టం. పగలకముందే తొడ దగ్గరి నాళంలో నుంచి ఒక గొట్టం పైకి పంపి, ఉబ్బిన చోట లోపల పరిస్తే రక్తం ఆ గొట్టంలో నుంచి పోతుంది. బుడగ మీద ఒత్తిడి పోతుంది. కడుపు కోయక్కర్లేదు.

గఫూర్ ఒక నమూనా చేతికి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. తీగల చట్రం, దానికి కుట్టిన గుడ్డ.

"ఇది మా కేసింగే కదా సార్. బోరు తోలినాక మన్ను కూలకుండా పైపు దించుతాం. ఆ పైపు గట్టి రాయి మీద కూర్చోవాల. మన్నులో కూర్చుంటే పక్కనించి బురద ఊరుతాది. ఇంగ ఆ బోరు దండగ."

డాక్టర్ రాజరత్నం నవ్వాడు. ఆయన కర్నూలు నుంచి వారానికి రెండు రోజులు, బుధ, గురువారాలు వచ్చి వెళ్ళే రక్తనాళాల సర్జన్.

"నేను అరగంట చెప్పేది మీరు ఒక్క ముక్కలో చెప్పారు గఫూర్ గారూ. మీ గట్టి రాయి పన్నెండు మిల్లీమీటర్లే ఉంది. ఉబ్బుకు పైన ఆ కాస్త జాగాలోనే గొట్టం పట్టు దొరకాలి."

"అయితే ఇదే మేలు," గఫూర్ చేతిలోది పైకెత్తి చూపించాడు. దాని అంచున సన్నని కొక్కేలు ఉన్నాయి. "ఇది పట్టుకుంటే ఇడవదు."

"అది నిజమే నాయనా," అంది ఆలియా. "కానీ దారి ఇరుకు. తొడ కాడ్నించి పైకి పోవాల. నీ దారి ఆరు మిల్లీమీటర్లు. అందులోనూ సున్నం పేరుకుని గరుకుగా ఉండాది. దీన్ని మడిచి తొడిగిన కవరు ఏడు."

"నాలుగంగుళాల బోరులోకి ఐదంగుళాల కేసింగు తోసినట్ల."

"అంతే."

"తోస్తే?"

"దారి చీలొచ్చు."

గఫూర్ ఆ గొట్టాన్ని మెల్లగా బల్ల మీద పెట్టి రెండోది తీసుకున్నాడు. అది సన్నది. కవరుతో కలిపి ఐదు మిల్లీమీటర్లు కూడా లేదు. పైన గుడ్డ అంచులో ఖాళీ వలయాలున్నాయి. లోపలికి వెళ్ళాక వాటిని ఒక ద్రవంతో నింపితే, అది గట్టిపడి గోడకు అతుక్కుంటుంది.

"ఇది కొత్త రకం. లావుదానికి ఇరవై ఏళ్ళ చరిత్ర ఉంది, దీనికి అంత లేదు," అన్నాడు రాజరత్నం. "కానీ మీ దారికి ఇది సుఖంగా పోతుంది."

గొట్టాలు తెచ్చిన అజయ్ కుమార్ గొంతు సవరించుకున్నాడు. రెండు కంపెనీల సరుకూ ఆసుపత్రులకు అందించే డీలర్ మనిషి అతను.

"లావుది మీ సైజులో కర్నూలులో రెడీగా ఉంది సార్. రేపు పొద్దున్నే తెస్తా. సన్నది మాత్రం చెన్నై నుంచి రావాలి. మంగళవారం వస్తుంది."

అంటే లావుదైతే రేపు, గురువారమే ఆపరేషన్. సన్నదైతే వచ్చే బుధవారం. మధ్యలో వారం.

"లావుదాన్ని ఎక్కించలేనని కాదు," అన్నాడు రాజరత్నం. "ఎక్కిస్తా. కష్టపడాలి, ప్రమాదం కొంచెం ఎక్కువ. ఇక ఆగడం సంగతి. ఈ సైజుకి ఏడాదిలో నూటికి పది, పన్నెండు మందికి పగులుతుంది. వారానికి లెక్కేస్తే నాలుగొందల మందిలో ఒకరు. నొప్పి కూడా లేదు కాబట్టి ఆగొచ్చు. కొలిచింది నువ్వు, ఆలియా. నువ్వేమంటావు?"

ఆలియా తండ్రి వైపు చూసింది.

"నన్నెందుకు చూస్తావ్," అన్నాడు గఫూర్. "బోర్లలో నాలుగిట్లో ఒకటి నీళ్ళు పడితే పండగ చేసుకుంటాం. ఇది నాలుగొందల్లో ఒకటంట. నేను ఆ మిగిలిన మూడొందల తొంభై తొమ్మిదిలో ఉంటాలే. నువ్వు చెప్పిందే కానీ."

"సన్నదే సార్," అంది ఆలియా.

ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో ఏ తడబాటూ లేదు. తొమ్మిదేళ్ళలో ఆమె కొలత తప్పింది లేదు.

*

ఆ సాయంత్రమే తండ్రిని తీసుకుని ఆళ్లగడ్డకు పోయింది.

ఇంట్లో రహమత్‌బీ ఎదురుచూస్తోంది. ఆళ్లగడ్డలో నాలుగైదు వీధులకు ఆమె చెయ్యి తెలుసు. కడుపునొప్పి వస్తే, తిన్నది ఇమడకపోతే, బరువెత్తి నడుం పట్టుకుంటే 'బొడ్డు జారింది' అని జనం ఆమె దగ్గరికే వస్తారు. పరగడుపున వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డు మీద మూడు వేళ్ళు ఆనించి, లోపల నాడి ఎక్కడ కొట్టుకుంటోందో చూస్తుంది. బొడ్డు కిందనే కొట్టుకుంటే సరే. పక్కకు కొట్టుకుంటే జారినట్టు. ఆముదం రాసి, పక్కల నుంచి మధ్యకు నిమురుతూ, నొక్కుతూ దాన్ని చోటుకు తెస్తుంది. చిన్నప్పుడు ఆలియా కడుపునొప్పులన్నీ ఆ చేతికిందే తగ్గాయి.

"ఏమన్యారు?" అంది రహమత్‌బీ.

ఆలియా దారంతా ఈ ప్రశ్నకే జవాబు వెతుక్కుంది. బుడగ అంటే భయపడుతుంది. పగులుతుంది అంటే వారం రోజులు నిద్రపోదు, ఆయన్నీ పోనివ్వదు.

"కడుపులో నరం ఒకటి ఉబ్బిందమ్మా. దాంట్లోకి గొట్టం ఎక్కిస్తారు. వచ్చే బుధవారం."

"నరమా?" రహమత్‌బీ మొహం తేలికపడింది. "నరమేనా. నేనింకా యాడ గడ్డ లేసిందో అనుకొన్యా."

"నరమే."

పిక్క పట్టినా నరమే. మెడ తిరగకపోయినా నరమే. ముంజేతి మీద పచ్చగా తేలేదీ నరమే. రహమత్‌బీ చేతికి లొంగని నరం ఆ వీధుల్లో లేదు.

ఆలియా జాగ్రత్తలు వరసగా చెప్పింది. పైపులు ఎత్తకూడదు. బండి ఎక్కకూడదు. బీడీ ముట్టకూడదు. బీపీ మాత్ర మరవకూడదు. నడుంలో గానీ కడుపులో గానీ నొప్పి వస్తే వెంటనే ఫోన్ చేయాలి. రహమత్‌బీ అన్నీ తిరిగి ఒప్పజెప్పింది.

"బీడీ మాట కొంచెం చిన్నగా చెప్పండి," అన్నాడు గఫూర్. "జేబులోయి ఇంటాండాయి."

కడుపు నొక్కకూడదని ఆలియా చెప్పలేదు. ఆ మాట ఆమెకు తట్టలేదు. గురువారం పొద్దున మొదటి బస్సుకే నంద్యాల వెళ్ళిపోయింది.

*

ఆదివారం పొద్దున తొమ్మిదీ నలభైకి ఫోన్ మోగింది.

"పాపా, మీ నాయనకి నడుం నొప్పంట," అంది రహమత్‌బీ. "రాత్రి కొంచెం ఉన్నింది. పొద్దున లేస్తానే చూస్తే బొడ్డు ఎడమపక్కకి జారింది. ఎంత గట్టిగా కొట్టుకుంటాందో. ఆముదం పెట్టి మెల్లగా నొక్కి తెచ్చినా. అప్పుడు బాగానే ఉన్నింది. ఇప్పుడు మళ్ళా చెమట్లు పోస్తాండాయి."

ఎడమపక్కన అంత గట్టిగా కొట్టుకున్నది ఏమిటో ఆలియాకు తెలుసు. దాని పొడవు, వెడల్పు, వంపు అన్నీ తెలుసు. అమ్మ వేళ్ళు దాని మీదే పడ్డాయి.

"అమ్మా, ఇంగ ముట్టుకోవద్దు. మత్తయి మామని జీపు తీయమను. వెనక సీట్లో నాయనని పండబెట్టండి. ఇప్పుడే బయల్దేరండి. బేగ."

మత్తయి గఫూర్‌తో కలిసి ఇరవై ఏళ్ళుగా బోరుబండి తోలుతున్న మనిషి. ఇల్లు పక్క సందులోనే. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు గంట దారి.

రాజరత్నానికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. మూడోసారికి గుర్తొచ్చింది, ఆదివారం. ఆయన కర్నూలులో ప్రార్థనలో ఉంటాడు. ఫోన్ జేబులో మూగగా ఉంటుంది.

అజయ్ కుమార్ మొదటి రింగుకే ఎత్తాడు.

"అజయ్, లావు గొట్టం మీ దగ్గరే ఉందా?"

"ఉంది మేడం. కానీ మనం సన్నది..."

"డబ్బా తీసుకుని డాక్టరు గారి చర్చికి పోండి. మధ్యలోనే లేపండి. మా నాయనకి పగిలింది."

అజయ్ కుమార్ ఇంకో ప్రశ్న వేయలేదు. పాట పాడుతున్న వరసల మధ్య నుంచి చెప్పులు లేకుండా లోపలికి పోయి, డాక్టరు భుజం తట్టి బయటికి తీసుకొచ్చాడని ఆలియాకి తర్వాత తెలిసింది. పదీ పదికి వాళ్ళ కారు కర్నూలు దాటింది. గంటన్నర దారి.

రెండు బండ్లు రెండు వైపుల నుంచి నంద్యాలకు వస్తున్నాయి. ఆలియా ఆపరేషన్ గది తెరిచింది. యంత్రం వేడెక్కించింది. రక్తం సీసాలకు చీటీ రాసింది. మత్తు డాక్టర్ని పిలిపించింది. ఇక చేయడానికేమీ మిగల్లేదు. గేటు దగ్గర నిలబడింది.

జీపు పదకొండుకు వచ్చింది.

గఫూర్‌కి తెలివి ఉంది. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. స్ట్రెచర్ మీద కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"పాపా, మీ అమ్మని ఏం అనొద్దు. నేనే నొక్కమన్యా. నొక్కినప్పుడు హాయిగా ఉన్నింది."

"మాట్లాడొద్దు నాయనా."

"ఒట్టు పెట్టు."

"ఏం అనను. ఒట్టు."

"ఆ మూడొందల తొంభై తొమ్మిది మంది యాడికి పోయినారో చూడు," అన్నాడు. పెదవి వంకర తిరిగింది. అది నవ్వు.

పదకొండూ నలభై ఐదుకు రాజరత్నం పెళ్ళికి వచ్చినట్టు తెల్లచొక్కాతో ఆపరేషన్ గదిలోకి పరుగెత్తుకొచ్చాడు.

"నువ్వు బయట ఉండు ఆలియా."

"ఆదివారం ఇంకెవరూ లేరు సార్. నేనే ఉండాలి."

ఆయన ఒక్క క్షణం చూశాడు. తర్వాత చేతులు కడుక్కోవడానికి తిరిగాడు.

ముందు ఒక బెలూన్ పైకి పంపి రక్తాన్ని అడ్డుకున్నాడు. బీపీ కొంచెం నిలబడింది. తర్వాత కుడి తొడ నుంచి లావు గొట్టం కవరు ఎక్కించాడు. తెర మీద అది పైకి జరుగుతూ వచ్చి ఒక చోట ఆగింది. సరిగ్గా ఆలియా స్కాన్ మీద ఎర్ర గీత గీసిన చోట. ఆయన తిప్పాడు, వెనక్కి లాగాడు, మళ్ళీ తోశాడు. కదల్లేదు.

"ఎడమ," అన్నాడు.

ఎడమవైపు దారిని ముందు సాగదీయాల్సి వచ్చింది. నిమిషాలు గడిచాయి. ఆలియా తెర మీద నుంచి కళ్ళు తిప్పలేదు. ఆయన అడిగినప్పుడల్లా బొమ్మ తీసింది, కొలత చెప్పింది. యాభై నిమిషాలకు గొట్టం పైకి చేరింది. తెరుచుకుంది. కొక్కేలు ఆ పన్నెండు మిల్లీమీటర్ల జాగాలో పట్టుకున్నాయి. రంగు నీళ్ళు పంపి చూస్తే పక్క నుంచి చుక్క కూడా ఊరలేదు.

తండ్రి చెప్పినట్టే అది పట్టు వదల్లేదు. కూతురు చెప్పినట్టే దారి ఇరుకైంది. ఇద్దరి మాటా నిజమే అయింది. ఈలోపు లోపల పోయిన రక్తం మాత్రం ఎన్ని సీసాలు ఎక్కించినా తీరలేదు. ఒకటీ ఇరవైకి గఫూర్ గుండె ఆగిపోయింది. అరగంట పోరాడి రాజరత్నం చేతులు దించాడు.

వరండాలో ఆలియా ఒకే ఒక్కటి అడిగింది.

"కడుపు నొక్కడం వల్లేనా సార్?"

"తెలీదమ్మా. నొప్పి ముందు రాత్రే మొదలైందన్నావు. నొక్కకపోయినా ఇవాళే పగిలేదేమో. నొక్కకుండా ఉంటే ఇంకో మూడు రోజులు ఆగేదేమో. గురువారమే చేసి ఉంటే..." ఆయన ఆగాడు. "అదీ తెలీదు. నీ కొలత తప్పు కాదు."

తప్పు కాని కొలత పట్టుకుని ఆమె తల్లి దగ్గరికి నడిచింది.

*

మూడో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక రహమత్‌బీ అడిగింది.

"పాపా, నా చెయ్యి ఏమన్నా చేసిందా?"

"లేదమ్మా. సన్న గొట్టం కోసం ఆగిందాన్ని నేను. లావుదానికి ఒప్పుకోనుంటే గురువారమే అయిపోయేది."

"నువ్వు మంచికే ఆగినావు," అంది రహమత్‌బీ. కూతురి తల నిమిరింది. "నీ తప్పు ల్యా."

తల్లి ఆ మాట నమ్మింది. దాని మీదే అన్నం తినడం మొదలుపెట్టింది. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు కాబట్టి ఇంట్లోనే ఉంటూ, వచ్చే ఆడవాళ్ళతో మాట్లాడుతూ మెల్లగా మనిషైంది. ఆలియా వారం వారం వచ్చి చూసి పోయేది. ఆ ఒక్క అబద్ధం మీద ఇల్లు నిలబడి ఉందని ఆమెకు తెలుసు. అది పూర్తిగా అబద్ధమో కాదో మాత్రం ఆమెకూ తెలీదు.

ఆరో వారం దానమ్మ వచ్చింది.

పక్క పల్లెలో కూలి పనికి పోయే మనిషి. అరవై దాటాయి. ఎముకల గూడు. ఉదయాన్నే ఏమీ తినకుండా వచ్చింది, పద్ధతి తెలిసినది కాబట్టి.

"రహమత్‌బీ అక్కా, నాలుగు దినాలైంది బొడ్డు జారి. మెతుకు దిగదు. గుండె వచ్చి కడుపులో కొట్టుకుంటాంది. నీకు కష్టమొచ్చిందని తెలుసు. వేరే యాడికి పోదును?"

రహమత్‌బీ లేచింది. భర్త పోయాక ఆమె అంత చురుగ్గా లేవడం ఆలియా చూడలేదు. చాప పరిచింది. ఆముదం గిన్నె తెచ్చింది.

"పండుకో. చెయ్యి అడ్డం తియ్యి. పెండ్లికూతురి మాదిరి సిగ్గెందుకు నీకు?"

దానమ్మ నవ్వుతూ వెల్లకిలా పడుకుంది. లోపలికి పోయిన కడుపు మీద బొడ్డు పక్కన చర్మం లేస్తూ పడుతూ ఉంది. తలుపు దగ్గర కూర్చున్న ఆలియాకు కూడా కనిపిస్తోంది.

బక్కవాళ్ళకు అలా కనబడుతుంది. నూటికి తొంభై తొమ్మిది మందిలో అది ఏమీ కాదు. ఆలియాకు ఆ లెక్క తెలుసు. ఇంతకుముందు ఒకసారి అలాంటి లెక్కనే నమ్మింది.

ఆపితే అమ్మకు తెలిసిపోతుంది. ఆపకపోతే, ఆ ఒక్కరు దానమ్మే అయితే?

రహమత్‌బీ మూడు వేళ్ళు ఆముదంలో ముంచింది.

"అమ్మా, నొక్కొద్దు."

"ఏం?"

"నంద్యాలలో స్కాన్ తీయించుకొస్తా. ఆ తర్వాత నొక్కుదువులే."

రహమత్‌బీ వేళ్ళు గాలిలోనే ఉన్నాయి. ఆముదం చుక్క ఒకటి దానమ్మ చీర మీద పడింది.

"మీ నాయనకూ తీసినారు కదా స్కాన్," అంది మెల్లగా. "నాకు నొక్కొద్దని ఎవురూ చెప్పల్యా."

"చెప్పలేదమ్మా. నేనే చెప్పలేదు."

"నరమన్యావు."

"నీకు భయమైతుందని అట్ల చెప్పినా. అది గుండెకాడ్నించి వచ్చే రక్తం గొట్టం."

"నొక్కకూడదా దాన్ని?"

దానమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఆలియా నోరు తెరిచింది. ఒట్టు గుర్తొచ్చింది. దానమ్మ కడుపు మీద చర్మం మళ్ళీ లేచింది, పడింది.

"కూడదు," అంది.

రహమత్‌బీ వేళ్ళు కొంగుకు తుడుచుకుంది. ఒక్కొక్క వేలూ విడిగా, గోళ్ళ సందుల్లో కూడా. తర్వాత దానమ్మ భుజం కింద చెయ్యి వేసి లేపింది.

"లెయ్యి దానమ్మా. మా పాప ఎంట నంద్యాలకి పో. నాకు ఇది తెలీదు."

"అదేందక్కా, ఇన్నేండ్లు నువ్వే కదా..."

"తెలీదని చెప్తాండా కదా. పో."

*

మధ్యాహ్నం పన్నెండుకు స్కాన్ అయింది. ఆలియా తెర ముందు తనే కూర్చుని కొలిచింది. ఒకటి పాయింట్ ఎనిమిది సెంటీమీటర్లు. నున్నగా, తిన్నగా, పడుచుపిల్ల నాళంలా ఉంది. డాక్టరు గ్యాస్ అని చెప్పి వారానికి మాత్రలు రాశాడు. దానమ్మ అక్కడే ఒక మాత్ర వేసుకుని, ఇడ్లీ తిని, బస్టాండు ఎటని అడిగింది.

ఆమెను బస్సెక్కించి ఆలియా ఇంటికి ఫోన్ చేసింది.

"ఏమంట?" అంది రహమత్‌బీ.

ఏదో ఒకటి బయటపడిందని చెప్పవచ్చు. నొక్కి ఉంటే ప్రాణం పోయేదని, ఆపడమే మంచిదైందని చెప్పవచ్చు. ఆలియాకు ఇక అబద్ధం ఆడే ఓపిక లేదు.

"ఏం లేదమ్మా. గ్యాసంట. మాత్రలిచ్చినారు."

అవతల వాకిట్లో ఎవరో నీళ్ళు చల్లుతున్న చప్పుడు వినబడింది.

"నేను నొక్కింటే తగ్గిపోయేది," అంది రహమత్‌బీ.

"తగ్గిపోయేదమ్మా."

"ఇంగ ఎవురన్నా వస్తే నీ నెంబరే ఇస్తా పాపా. నువ్వే తీసకపో."